ఆరాధనల చిత్రీకరణకు తక్కువ ఖర్చులో వీడియో పరికరాలు: బెంగళూరు తెలుగు సంఘాలకు ఉపయోగపడే వివరాలు

మదనపల్లె, పలమనేరు, కుప్పం, హిందూపురం ప్రాంతాల నుండి ఉపాధి కోసం బెంగళూరు చేరిన తెలుగు కుటుంబాలలో క్రైస్తవ కుటుంబాలు కూడా గణనీయంగా ఉన్నాయి. నగరంలో తెలుగు ఆరాధనలు కొన్నిచోట్ల సంఘపు సొంత మందిరాలలో, మరికొన్నిచోట్ల కన్నడ, తమిళ, ఆంగ్ల సంఘాలతో ఒకే మందిరాన్ని పంచుకుంటూ, ఇంకొన్నిచోట్ల అద్దె హాళ్లలో జరుగుతూ ఉంటాయి. మంచం పట్టిన వృద్ధులు, ఆదివారం కూడా విధులకు వెళ్లే నర్సులు, కాపలా ఉద్యోగులు, సొంత ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు ఈ ఆరాధనలను ఫోనులో చూడాలని కోరుకుంటారు. ఆ కోరికను తీర్చడానికి సంఘాలు వీడియో పరికరాలు కొంటున్నాయి.

ఈ పరికరాలను కొనేది విశ్వాసుల కానుకల సొమ్ముతో. రోజు కూలీ చేసేవారి కానుక కూడా అందులో ఉంటుంది. ఖరీదైన కెమెరా కొన్న తరువాత ప్రసంగం స్పష్టంగా వినిపించకపోతే ఆ సొమ్ము వృథా అయినట్లే. అందుచేత ఏది ముందు కొనాలి, ఏది తరువాత కొనాలి అన్న క్రమాన్ని తెలుసుకోవడం అవసరం. చూసేవారికి ఏ లోపం ఎక్కువ బాధ కలిగిస్తుందో దానిని ముందుగా సరిచేయాలి. ఆ లెక్కన మొదటి స్థానం ధ్వనిది, రెండవది వెలుగుది, మూడవది నిలకడది. కెమెరా స్థానం వీటి తరువాతనే.

నేపథ్యం

ఆరాధనను దూరంలో ఉన్నవారికి చేర్చాలన్న ఆలోచన కొత్తది కాదు. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ ద్వీపాల నుండి ఫీబా రేడియో 1970 నుండి 2003 వరకు షార్ట్‌వేవ్ ద్వారా భారతీయ భాషలలో క్రైస్తవ కార్యక్రమాలను ప్రసారం చేసింది. బొమ్మ లేకుండా కేవలం మాటతోనే శ్రోతలు వాటిని దశాబ్దాల పాటు ఆదరించారు. మాట స్పష్టంగా వినిపిస్తే బొమ్మ లేకపోయినా సందేశం అందుతుందనడానికి ఇది మంచి నిదర్శనం.

2000 తరువాతి దశకంలో క్రిస్మస్, ఈస్టర్ ఆరాధనలను, ఉజ్జీవ సభలను చిత్రీకరించడానికి పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్లనే పిలిచేవారు. మినీ డి.వి. టేపుతో పనిచేసే సోనీ పి.డి. 150, పి.డి. 170 కెమెరాలు ఆ కాలంలో వారి చేతుల్లో విరివిగా కనిపించేవి. చిత్రీకరించిన దానిని సీడీలుగా, డీవీడీలుగా పంచేవారు. ప్రతి ఆదివారం వీడియో తీయాలన్న ఆలోచన చాలా చిన్న సంఘాలకు 2020లోనే వచ్చింది. ఆ సంవత్సరం మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలై ఆరాధనా స్థలాలు మూతపడ్డాయి. జూన్ 8 నుండి నిబంధనలతో తెరవడానికి అనుమతి లభించింది. నడుమ వచ్చిన మట్టలాదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ పండుగలను అనేక కుటుంబాలు ఫోను ఎదుట కూర్చునే జరుపుకున్నాయి. మందిరాలు తెరిచిన తరువాత కూడా రాలేని వారి కోసం ప్రసారాలు కొనసాగాయి.

కొనుగోలుకు ముందు తేల్చుకోవలసినవి

దుకాణానికి వెళ్లే ముందు సంఘ పెద్దలు నాలుగు ప్రశ్నలకు సమాధానం రాసుకోవాలి.

మొదటిది, ఆరాధనను ప్రత్యక్షంగా ప్రసారం చేయాలా లేక రికార్డు చేసి తరువాత పెట్టాలా? రికార్డింగుకు ఇంటర్నెట్టు, ల్యాప్‌టాప్ అక్కడికక్కడే అవసరం లేదు గనుక ఖర్చు తగ్గుతుంది. పొరపాటు దొర్లిన చోట కత్తిరించే వీలు కూడా ఉంటుంది.

రెండవది, కెమెరా నిలబెట్టే చోటుకు, ప్రసంగ వేదికకు మధ్య దూరం ఎంత? దీనిని టేపుతో కొలిచి మీటర్లలో రాసుకోవాలి. ఏ కెమెరా కొనాలో నిర్ణయించేది చాలావరకు ఈ ఒక్క కొలతే.

మూడవది, సామగ్రిని అమర్చుకోవడానికి ఎంత సమయం దొరుకుతుంది? బెంగళూరు తెలుగు సంఘాలకు ఇది ముఖ్యమైన ప్రశ్న. ఒకే మందిరంలో ఒక భాష ఆరాధన ముగిసిన వెంటనే మరొక భాష ఆరాధన మొదలవుతుంది. నడుమ పదిహేను, ఇరవై నిమిషాలకు మించి వ్యవధి ఉండకపోవచ్చు. అటువంటి చోట గోడకు బిగించే పరికరాలు, పొడవాటి తీగలు పనికిరావు. ఒక సంచిలో పట్టి, పది నిమిషాలలో అమర్చగలిగే సామగ్రి మాత్రమే ఉపయోగపడుతుంది.

నాలుగవది, పరికరాలను నడిపేది ఎవరు? కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. ఒక్కరికే తెలిసిన పని ఆ ఒక్కరు ఊరికి వెళ్లిన ఆదివారం ఆగిపోతుంది.

ధ్వని: మొదటి ఖర్చు ఇక్కడే

వీడియో మసకగా ఉన్నా చూసేవారు సర్దుకుంటారు గానీ, మాట అర్థం కాకపోతే కట్టివేస్తారు. కెమెరాలోని మైకు వేదికకు దూరంగా ఉంటుంది. మైకు దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ నేరుగా చేరే స్వరం సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. గోడల నుండి వచ్చే ప్రతిధ్వని మాత్రం అంతగా తగ్గదు. 1808లో నిర్మాణం మొదలైన సెయింట్ మార్క్స్ కెథెడ్రల్, 1851 నాటి హోలీ ట్రినిటీ వంటి ఎత్తైన పైకప్పు గల పాత మందిరాలలోను, రేకుల కప్పు గల హాళ్లలోను వెనుక వరుసలో పెట్టిన మైకుకు ప్రతిధ్వనే ఎక్కువగా అందుతుంది.

దీనికి చవకైన పరిష్కారం మందిరంలో అప్పటికే ఉన్న మిక్సర్. ప్రసంగికుని మైకు ఎలాగూ దానికి కలిపి ఉంటుంది. మిక్సర్ నుండి ఒక తీగను కెమెరాకు లేదా ల్యాప్‌టాప్‌కు తీసుకుంటే స్వరం దగ్గరగా, స్పష్టంగా వినిపిస్తుంది. ఇందులో మూడు జాగ్రత్తలు పాటించాలి.

ఒకటి, సంకేత స్థాయి. మిక్సర్ నుండి వచ్చేది లైన్ స్థాయి సంకేతం. వృత్తిపరమైన పరికరాలలో అది సుమారు 1.23 వోల్టులు. కెమెరా మైకు రంధ్రం ఎదురుచూసేది వోల్టులో వెయ్యవ వంతు స్థాయి సంకేతాన్ని. నేరుగా కలిపితే స్వరం పగిలిపోతుంది. నడుమ స్థాయిని తగ్గించే అటెన్యుయేటర్ తీగను గానీ, లైన్ సంకేతాన్ని స్వీకరించే యు.ఎస్.బి. ఆడియో ఇంటర్‌ఫేస్‌ను గానీ వాడాలి.

రెండు, ఏ రంధ్రం నుండి తీసుకోవాలి? హాలులోని స్పీకర్లకు వెళ్లే ప్రధాన ధ్వనినే ప్రసారానికి పంపితే గాయకుల గొంతు బిగ్గరగా, తబలా, డ్రమ్ములు లేనట్టుగా వినిపిస్తాయి. హాలులో వాటి శబ్దం మైకు లేకుండానే అందరికీ వినిపిస్తుంది గనుక మిక్సర్‌లో వాటిని పెంచరు. అందువలన మిక్సర్‌లోని ఆక్స్ మార్గాన్ని ప్రసారానికి ప్రత్యేకంగా కేటాయించి, అందులో దేనిని ఎంత కలపాలో వేరుగా సరిచేయాలి.

మూడు, సంఘం పాడే పాట. తెలుగు ఆరాధనలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను సంఘమంతా కలిసి పాడుతుంది. మిక్సర్ తీగ మాత్రమే ఉంటే ఇంట్లో ఉన్నవారికి ఒక్క గాయకుని గొంతే వినిపించి, మందిరం ఖాళీగా ఉన్నట్లు తోస్తుంది. సంఘం వైపు తిప్పిన ఒక మైకును తక్కువ స్థాయిలో ప్రసారానికి మాత్రమే కలిపితే ఆ లోటు తీరుతుంది.

తీగ కలిపిన తరువాత గుంయిమనే శబ్దం వినిపిస్తే అది సాధారణంగా విద్యుత్తు ఎర్తింగు తేడా వలన వచ్చే 50 హెర్ట్జ్ హోరు. మిక్సర్‌ను, ల్యాప్‌టాప్‌ను ఒకే విద్యుత్తు బోర్డుకు కలపడం మొదటి చికిత్స. అప్పటికీ తగ్గకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పరికరాన్ని తీగ మధ్యలో కలపవచ్చు.

మిక్సర్ లేని చిన్న గృహ కూటములలో ప్రసంగికుని చొక్కాకు తగిలించే కాలర్ మైకు సరిపోతుంది. తీగ గల కాలర్ మైకులు తక్కువ ధరకే దొరుకుతాయి. తీగ లేని మైకులు సౌకర్యమే అయినా వాటి బ్యాటరీని ప్రతి ఆరాధనకు ముందు చూసుకోవాలి.

వెలుగు

తక్కువ ధర కెమెరాలలో సెన్సర్ చిన్నదిగా ఉంటుంది. చీకటిలో అది గింజలు గింజలుగా ఉన్న బొమ్మను ఇస్తుంది. పెద్ద సెన్సర్ గల కెమెరా కొనడం కంటే ప్రసంగ వేదికకు ముందు వైపు నుండి, మనిషి ఎత్తుకు కొంత పైగా, రెండు దీపాలు అమర్చడం చవక.

బలిపీఠం తూర్పు వైపున ఉండడం అనేక పాత మందిరాలలో సంప్రదాయం. ఉదయ ఆరాధన వేళ పీఠం వెనుక కిటికీల నుండి సూర్యకాంతి నేరుగా కెమెరాలోకి వస్తుంది. అప్పుడు కెమెరా స్వయంచాలకంగా వెలుగును తగ్గించి ప్రసంగికుని ముఖాన్ని నల్లగా చూపుతుంది. ఇటువంటి చోట ఎక్స్‌పోజర్‌ను ముఖానికి తగినట్టు చేతితో సరిచేసి స్థిరపరచాలి. ఆ సౌకర్యం లేని కెమెరా ఎంత చవకైనా తీసుకోకూడదు. కెమెరాను కొంచెం పక్కకు జరిపి కిటికీని చట్రంలో లేకుండా చేయడం ఖర్చు లేని మరొక మార్గం.

మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కావడం వలన ట్యూబులైట్లు, కొన్ని చవక ఎల్.ఇ.డి. దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి కనిపించని ఈ మినుకులు వీడియోలో చారలుగా కదులుతాయి. షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతుగా, ఫ్రేముల సంఖ్యను సెకనుకు 25గా ఉంచితే చాలావరకు పోతాయి.

కెమెరా: దూరాన్ని బట్టి లెక్క

చట్రంలో ఎంత వెడల్పు కనిపించాలో, ఎంత దూరంలో నిలబడాలో తెలిస్తే ఎంత జూమ్ కావాలో తేలికగా లెక్కించవచ్చు. 35 మి.మీ. ప్రమాణంలో సెన్సర్ వెడల్పు 36 మి.మీ. దానిని దూరంతో హెచ్చించి, కావలసిన వెడల్పుతో భాగించాలి.

ఉదాహరణకు కెమెరా 20 మీటర్ల దూరంలో ఉన్నది. ప్రసంగికుడు, అతని ముందు బల్ల కలిపి 3 మీటర్ల వెడల్పు కనిపించాలి. 36ను 20తో హెచ్చించి 3తో భాగిస్తే 240 వస్తుంది. అంటే 240 మి.మీ.కు సమానమైన జూమ్ కావాలి. ఫోనులోని ప్రధాన లెన్సు సాధారణంగా 26 మి.మీ. దగ్గర ఉంటుంది. దానితో అదే దృశ్యం కావాలంటే సుమారు 2 మీటర్ల దూరంలో నిలబడాలి. వెనుక వరుసలో ఫోను పెట్టి డిజిటల్ జూమ్ చేసిన వీడియో ఎందుకు మసకబారుతుందో ఈ లెక్క వలన తెలుస్తుంది. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే సాగదీస్తుంది. ఆప్టికల్ జూమ్ మాత్రమే దూరాన్ని నిజంగా దగ్గర చేస్తుంది.

డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొన్న సంఘాలు నిరాశ చెందేది కూడా ఇక్కడే. ఆ కెమెరాలతో సాధారణంగా వచ్చే 18-55 లెన్సు 20 మీటర్ల నుండి పూర్తి జూమ్‌లో కూడా సుమారు 8 మీటర్ల వెడల్పును చూపుతుంది. ప్రసంగికుడు చిన్న బొమ్మగా కనిపిస్తాడు. దగ్గరగా చూపాలంటే మరొక లెన్సు కొనాలి. కొనే ముందే ఆ ఖర్చును కూడా కలిపి చూడాలి.

ఏ రకం కెమెరా ఎవరికి?

ఫోను: వేదికకు మూడు, నాలుగు మీటర్ల దూరంలో ఎవరికీ అడ్డు రాకుండా నిలపగలిగే చిన్న హాళ్లకు చాలు. అప్పటికే ఉన్న ఫోనుకు ట్రైపాడ్, హోల్డర్, మైకు తీగ కలిపితే పని మొదలవుతుంది. చిత్రీకరణ వేళ ఫోనును ఫ్లైట్ మోడ్‌లో ఉంచితే కాల్స్ అడ్డురావు. ఆ ఫోనుతోనే ప్రత్యక్ష ప్రసారం చేస్తుంటే ఫ్లైట్ మోడ్ కుదరదు గనుక డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోవాలి.

క్యామ్‌కార్డర్: పొడవైన మందిరాలకు, రెండు గంటల ఆరాధనలకు అనువైనది. ఎక్కువ ఆప్టికల్ జూమ్, ఆగకుండా రికార్డు చేసే శక్తి దీని బలాలు. అయితే అతి తక్కువ ధర నమూనాలలో కొన్నింటికి బయటి మైకు కలిపే రంధ్రం ఉండదు. ప్రత్యక్ష ప్రసారానికి కొంటున్నప్పుడు హెచ్.డి.ఎం.ఐ. నుండి తెర మీది అంకెలు, గుర్తులు లేని శుభ్రమైన చిత్రం వస్తుందో లేదో దుకాణంలోనే టీవీకి కలిపి చూడాలి.

డి.ఎస్.ఎల్.ఆర్., మిర్రర్‌లెస్: తక్కువ వెలుగులో మంచి చిత్రాన్ని ఇస్తాయి. కానీ ఐరోపా సమాఖ్య సుంకాల కారణంగా అనేక పాత నమూనాలలో రికార్డింగు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతుంది. ప్రసంగం నడుమ ఎవరో ఒకరు మళ్లీ మీట నొక్కాలి. ఎక్కువసేపు నడిస్తే కొన్ని వేడెక్కి ఆగిపోతాయి కూడా. కొత్త నమూనాలలో చాలావాటికి ఆ సమయ పరిమితి లేదు.

పి.టి.జెడ్. కెమెరా: గోడకు బిగించి, దూరం నుండి తిప్పే కెమెరా ఇది. సొంత మందిరం ఉన్నవారికి, కెమెరా వెనుక మనిషి నిలబడడం ఇష్టం లేనివారికి మంచిది. మందిరాన్ని పంచుకునే సంఘాలకు తగదు.

సి.సి.టి.వి. కెమెరా: ధర చూసి కొందరు దీనివైపు మొగ్గుతారు. కాపలా కోసం చేసిన ఈ కెమెరాలో విశాల దృశ్యమే కనిపిస్తుంది, ధ్వని నాణ్యత తక్కువ, చిత్రం ఆలస్యంగా వస్తుంది. ఆరాధనకు సరిపడదు.

పాత టేపు కెమెరా: సరిహద్దు పట్టణాలలో వీడియోగ్రాఫర్లు పాత మినీ డి.వి. కెమెరాలను చవకగా అమ్మజూపుతారు. అవి ఇచ్చేది 720 బై 576 చుక్కల చిత్రం. సాధారణ టేపు 60 నిమిషాలకే అయిపోతుంది. గంట టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మరొక గంట పడుతుంది. ఎంత తక్కువకు వచ్చినా తీసుకోకపోవడమే మేలు.

స్టాండు, తీగలు, విద్యుత్తు

జూమ్ పెరిగే కొద్దీ చిన్న కదలిక కూడా పెద్ద ఊపుగా కనిపిస్తుంది. 240 మి.మీ. జూమ్‌లో చేతితో పట్టుకుని చిత్రీకరించడం అసాధ్యం. ఫోటోలకు వాడే తేలికపాటి స్టాండు మీద కెమెరా తిప్పితే కుదుపులు వస్తాయి. మెల్లగా తిరిగే ఫ్లూయిడ్ హెడ్ గల వీడియో ట్రైపాడ్ ఒకసారి కొంటే కెమెరాలు మారినా అదే పనిచేస్తుంది.

హెచ్.డి.ఎం.ఐ. తీగ 10 మీటర్ల వరకు నమ్మకంగా పనిచేస్తుంది. అంతకు మించితే చిత్రం ఆగి ఆగి రావచ్చు. దూరం ఎక్కువైతే ఆప్టికల్ హెచ్.డి.ఎం.ఐ. తీగను గానీ, ఎస్.డి.ఐ. మార్గాన్ని గానీ ఎంచుకోవాలి. నడిచే దారిలో ఉన్న తీగలకు టేపు అంటించడం మరువరాదు. వృద్ధులు కాలు తట్టుకొని పడే ప్రమాదం ఉంది.

సెకనుకు 24 మెగాబిట్ల నాణ్యతతో గంట రికార్డింగుకు సుమారు 10.8 జి.బి. స్థలం కావాలి. 64 జి.బి. కార్డులో అయిదు గంటలకు పైగా పడుతుంది. 32 జి.బి. కార్డులలో ఫైలు 4 జి.బి. చేరగానే మరొక ఫైలు మొదలవుతుంది. ఇది లోపం కాదు, కార్డు పద్ధతి. ఎడిటింగులో వాటిని వరుసగా అతికించవచ్చు.

కెమెరాను బ్యాటరీ మీద కాక అడాప్టరు మీద నడపాలి. కరెంటు పోయినా ప్రసారం ఆగకుండా ఉండాలంటే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నది గదా అని ఊరుకోకూడదు. ఇంటర్నెట్టు రౌటరు, మిక్సర్, కెమెరా అడాప్టరు కూడా యు.పి.ఎస్. మీద ఉండాలి.

ప్రత్యక్ష ప్రసారం

ఒకే కెమెరాకు ల్యాప్‌టాప్, క్యాప్చర్ కార్డు, ఓ.బి.ఎస్. స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. చవక క్యాప్చర్ కార్డుల మీద 4కె అని రాసి ఉన్నా చాలావాటిలో ల్యాప్‌టాప్‌కు చేరేది 1080పి మాత్రమే. ఆరాధనకు అది ఎక్కువే గనుక 4కె పేరుతో అదనపు ధర ఇవ్వనవసరం లేదు. రెండు, మూడు కెమెరాలు ఉన్నప్పుడు మాత్రమే స్విచ్చర్ అవసరం. 2019లో 295 డాలర్ల ధరతో వచ్చిన బ్లాక్‌మ్యాజిక్ ఏటెమ్ మినీ వలన స్విచ్చర్ చిన్న సంఘాలకు అందుబాటులోకి వచ్చింది. అయినా మొదటి సంవత్సరం ఒక్క కెమెరాతో నడపడమే మంచిది.

క్యాప్చర్ కార్డు ద్వారా వచ్చే చిత్రం కొద్దిగా ఆలస్యమై, మిక్సర్ నుండి నేరుగా వచ్చే మాట ముందుగా వినిపించవచ్చు. కెమెరా ఎదుట, మైకు దగ్గర ఒకరు చప్పట్లు కొట్టి రికార్డు చేయాలి. చేతులు కలిసిన క్షణానికి, శబ్దానికి తేడా చూసి ఆ మేరకు ఓ.బి.ఎస్.లో ధ్వనిని వెనుకకు జరపాలి.

720పి ప్రసారానికి సెకనుకు 2.5 మెగాబిట్లు సరిపోతాయి. అప్‌లోడ్ వేగం దానికి రెట్టింపు ఉండడం క్షేమం. వేగాన్ని శనివారం ఖాళీ మందిరంలో పరీక్షిస్తే మోసపోతారు. ఆదివారం ఆరాధన వేళ అదే టవరు మీద వందల ఫోనులు ఉంటాయి. అందుచేత మొబైల్ డేటాతో ప్రసారం చేసేవారు ఆదివారం అదే సమయంలో పరీక్షించాలి.

చూసేవారి ఖర్చును కూడా తలచుకోవాలి. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున చూస్తే గంటకు 450 మెగాబైట్లు ఖర్చవుతాయి. రెండు గంటల ఆరాధనకు 900 మెగాబైట్లు. రోజుకు ఒకటి, ఒకటిన్నర జి.బి. ప్యాకు గల గ్రామీణ ప్రేక్షకునికి అది రోజు డేటాలో పెద్ద భాగం. ప్రసంగాన్ని మాత్రం వేరుగా ఆడియో ఫైలుగా పంపితే అటువంటి వారికి మేలు.

యూట్యూబ్‌లో తొలిసారి ప్రత్యక్ష ప్రసారానికి అనుమతి రావడానికి 24 గంటల వరకు పడుతుంది. ఫోను నుండి నేరుగా ప్రసారం చేయాలంటే చానలుకు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. పండుగ నాటి ఉదయం మొదలుపెడితే కుదరదు.

సొమ్మును ఎలా పంచాలి?

ఉదాహరణకు సంఘం 50,000 రూపాయలు కేటాయించిందనుకుంటే, ధ్వనికి 15,000, కెమెరాకు 20,000, స్టాండు, తీగలకు 7,500, దీపాలకు, యు.పి.ఎస్.కు 5,000 చొప్పున పంచి, మిగిలిన 2,500 మెమరీ కార్డులకు, మరమ్మతులకు ఉంచడం సమంజసం. కొత్త కెమెరాకు 20,000 చాలకపోతే ధ్వని వాటాను తగ్గించకూడదు. సంఘంలో ఒకరి మంచి ఫోనుతో కొన్ని నెలలు నడిపి, కెమెరా వాటాను దాచుకొని తరువాత కొనాలి. 10,000 రూపాయలే ఉన్న సంఘం ఫోను, ట్రైపాడ్, మైకు తీగలతో మొదలుపెట్టి, మిగిలిన దానిని ఒక దీపానికి వెచ్చించవచ్చు.

కొనదలచిన కెమెరాను ముందుగా ఒక ఆదివారం అద్దెకు తెచ్చి వాడి చూడడం వివేకం. ఫోటోగ్రఫీ, సినిమా పనులు ఎక్కువగా జరిగే బెంగళూరులో కెమెరాలను రోజు అద్దెకు ఇచ్చే సంస్థలు ఉన్నాయి. ఒక రోజు అద్దె ఇచ్చి తప్పు కొనుగోలును నివారించుకోవచ్చు.

బెంగళూరులో కొనుగోలు

తీగలు, కనెక్టర్లు, క్యాప్చర్ కార్డులు, యు.పి.ఎస్., కంప్యూటర్ భాగాలకు టౌన్‌హాల్ సమీపంలోని సదర్ పత్రప్ప రోడ్డు, అనగా ఎస్.పి. రోడ్డు, ప్రసిద్ధి చెందినది. కె.ఆర్. మార్కెట్, చిక్కపేట మెట్రో స్టేషన్లు దానికి దగ్గర. సరిహద్దు పట్టణాల నుండి వెళ్లేవారు ఆదివారం కాక పని రోజున వెళ్లాలి. ఆదివారం ఎక్కువ దుకాణాలు మూసి ఉంటాయి.

ధర అడిగేటప్పుడు జి.ఎస్.టి. కలిపి చెబుతున్నారో లేదో తెలుసుకోవాలి. డిజిటల్ కెమెరాలు, వీడియో కెమెరాల మీద పన్నును 2019 జనవరి 1 నుండి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గించారు. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఒప్పుకోకూడదు. అటువంటి వస్తువుకు తయారీ సంస్థ వారంటీ దక్కదు, సంఘం లెక్కల పుస్తకంలో రాయడానికి ఆధారమూ ఉండదు. బిల్లు సంఘం పేరున తీసుకుని, పరికరం క్రమసంఖ్యను ఆస్తుల పట్టికలో నమోదు చేయాలి. కొనుగోలుకు ఇద్దరు కలిసి వెళ్లాలి. పాత పరికరమైతే మిక్సర్ తీగను, ఒక మెమరీ కార్డును వెంట తీసుకువెళ్లి పది నిమిషాలు రికార్డు చేసి చూడాలి.

హక్కులు, మర్యాదలు

మతపరమైన ఆరాధనలో భాగంగా పాటలు పాడడాన్ని 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను ఉల్లంఘనగా పరిగణించదు. అయినప్పటికీ ప్రసార వేదికల స్వయంచాలక తనిఖీలు విడుదలైన రికార్డింగులను గుర్తించి వీడియోను ఆపవచ్చు. కనుక ట్రాకు వేయడం కంటే సంఘమే పాడడం, వాయించడం మేలు. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాలకు రచనపై హక్కు ముగుస్తుంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి పాత కవుల కీర్తనలకు ఈ చిక్కు లేదు. ఇటీవలి గీతాలకు రచయిత అనుమతి తీసుకోవడం ధర్మం.

కెమెరా ఆరాధనకు సేవ చేయాలి గానీ ఆరాధన కెమెరా కోసం ఆగకూడదు. ప్రభు భోజనం అందుకునేవారి ముఖాలను, కన్నీటితో ప్రార్థించేవారిని, పిల్లలను దగ్గరగా చూపరాదు. తాము మందిరానికి వచ్చిన సంగతి బయటివారికి తెలియడం కొందరికి ఇష్టం ఉండదు. కెమెరాకు కనిపించని వరుసలు కొన్ని కేటాయించి, ఆ విషయాన్ని ద్వారం దగ్గర తెలుగులోను, కన్నడంలోను రాసి పెట్టాలి. సాక్ష్యం చెప్పేవారిని ముందుగా అడగాలి. రోగుల వివరాలు, కుటుంబ కలహాలు ప్రార్థన విన్నపాలలో వచ్చినప్పుడు ధ్వనిని ఆపివేయాలి.

ప్రతి ఆదివారం చూసుకోవలసినవి

ఆరాధనకు ముందు బ్యాటరీలు, కార్డులో ఖాళీ స్థలం, మైకు ధ్వని, ఎక్స్‌పోజర్, ఇంటర్నెట్టు వేగం అనే అయిదు అంశాలను కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ పరిశీలించాలి. ప్రసారం జరుగుతున్నంతసేపు ఒకరు చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని వినాలి. తెరను చూస్తున్నా ధ్వని ఆగిపోయిన సంగతి గమనించక గంట గడిచిపోవడం అరుదు కాదు. విడిగా ఒక ఫోనులో ధ్వనిని మాత్రం రికార్డు చేసి ఉంచుకుంటే ఏది చెడినా ప్రసంగం దక్కుతుంది.

ఆరాధన ముగిసిన తరువాత ఇంటి నుండి చూసిన ఒక వృద్ధునికో, రోగికో ఫోను చేసి పాట వినిపించిందా, వాక్యం అర్థమైందా అని అడగాలి. తరువాత ఏ పరికరం కొనాలో వారి జవాబును బట్టి నిర్ణయించుకోవచ్చు.